పాపిరస్ చివర్లు ఎండిపోతున్నయ్, అసలు ఇది పాపిరస్సేనా?

మిద్దెతోట నాగోల్ | ఏప్రిల్ 11

అందరికీ నమస్తే అండి. మాది హైదరాబాద్ నాగోల్ సైడు, డాబా మీద మూడేళ్ళ నుంచి కూరగాయలు పెడుతున్న, నీళ్ళ మొక్కలు మాత్రం ఇదే మొదటిసారి. మా పాప ఆరో తరగతి, ఈజిప్టు గురించి ఏదో చదివి మమ్మీ ఆ పేపర్ చేసే మొక్క మన ఇంట్ల పెంచుదామా అని నెల రోజులు ఒకటే అడుగుడు, సరే అని ఫిబ్రవరిల ఒక నర్సరీకి పోయి పాపిరస్ ఉందా అంటే ఉంది మేడం అని రెండు కుండీలు ఇచ్చిండు, ఒక్కోటి 250 రూపాయలు. మా అత్తగారి ఊర్ల బర్లు అమ్మేసినంక సిమెంటు కుడితి గోలెం ఒకటి ఖాళీగ పడి ఉండె, దాన్ని ట్రాలీ ఆటోల తెప్పించి నలుగురు కలిసి పైకి ఎక్కించిన్రు. దాంట్ల నీళ్ళు పోసి, అడుగున ఇటుకలు పెట్టి, వాటి మీద ఈ రెండు కుండీలు దించిన, పక్కన చిన్న కలువ ఒకటి వేసిన.

మొదటి నెల మంచిగనే ఉండె. మార్చి ఆఖరి నుంచి పైన గొడుగు లెక్క ఉన్న ఆకుల చివర్లు గోధుమ రంగుకొచ్చి ఎండుతున్నయ్, కొత్త కాడలు సన్నగ వచ్చి పక్కకు వాలిపోతున్నయ్. నీళ్ళు కూడ టీ డికాషన్ రంగుల ఉన్నయ్, పైన కొబ్బరి పొట్టు తేలుతుంది. మాది బోరు నీళ్ళు, టీడీఎస్ మీటర్ (నీళ్ళల కరిగిన ఉప్పులు ఎంతున్నయో చెప్పేది) పెడితే 1,200 దాక చూపిస్తది. ఎండ ఎక్కువని గ్రీన్ నెట్ కిందనే పెట్టిన.

నాకు రెండు డౌట్లు. ఇది ఎందుకు ఎండుతుంది, ఏం చెయ్యాలె? రెండోది, యూట్యూబ్ ల చూపించే పాపిరస్ కు పైన జుట్టు లెక్క మస్తు సన్నగ ఉంటది కదా, మాదానికి అట్ల లేదు, వెడల్పు ఆకులు ఉన్నయ్. ఫోటోలు కింద పెట్టిన చూడండి. పాపకు ఇదే పాపిరస్ అని చెప్పిన, తప్పు చెప్పిన్నేమో అని బాధగ ఉంది.


వరంగల్ తోటమాలి | ఏప్రిల్ 11

అక్కా చివర్లు ఎండితే నత్రజని తక్కువైనట్టు, ఎండిన చివర్లు కత్తిరించి గోలెంల రెండు చెంచాల యూరియా వెయ్యి, పది రోజుల్ల పచ్చగ అయితది. మా వరి మడిల గట్లనే చేస్తం.


కోనసీమ లంక | ఏప్రిల్ 11

నాగోల్ మేడం గారూ, ముందు ఆ యూరియా మాత్రం వెయ్యకండి, వరంగల్ తమ్ముడూ ఏమీ అనుకోకు, వరి మడిలో నీళ్ళు వస్తా పోతా ఉంటాయి, మట్టి బోలెడంత ఉంటుంది, గోలెంలో 200 లీటర్ల నీళ్ళు కదలకుండా ఉంటాయి. అందులో యూరియా వేస్తే మొక్క తినేది తక్కువ పాచి తినేది ఎక్కువ, వారంలో నీళ్ళు పచ్చగా బురదలాగా అయిపోతాయి. పైగా రేపు దోమల కోసం చేపపిల్లలు వేస్తారు, బోరు నీళ్ళు క్షారంగా ఉన్న చోట యూరియా అమ్మోనియాగా మారి చేపల్ని చంపేస్తుంది. నేను ఒకసారి అలా ఇరవై గప్పీ చేపల్ని పోగొట్టుకున్నా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇక మీ ఫోటోల సంగతి. అది పాపిరస్ కాదండి, దాన్ని అంబ్రెల్లా పామ్ అంటారు. పేరులో పామ్ ఉంది గానీ తాటి జాతీ కాదు కొబ్బరి జాతీ కాదు, అదీ పాపిరస్సూ రెండూ మన తుంగ కుటుంబమే, అక్కచెల్లెళ్ళ లాంటివి, అందుకే చాలా నర్సరీల్లో రెండిటికీ ఒకటే పేరు చెప్పేస్తారు. తేడా చూడటం చాలా తేలిక. కాడ చివర సెంటీమీటరు వెడల్పు ఆకులు గొడుగు ఊచల్లాగా చుట్టూ పరుచుకుని ఉంటే అంబ్రెల్లా. అసలు పాపిరస్ కి కాడ చివర వందా రెండొందల సన్నటి దారాలు జానెడు పొడుగున కుచ్చులాగా వస్తాయి, లేతప్పుడు చీపురులాగా నిలబడి, ముదిరాక బరువుకి నాలుగు పక్కలా వంగుతాయి, గాలికి ఊగుతుంటే అలా చూస్తా కూర్చోవాలనిపిస్తుంది. ఎత్తు కూడా అంబ్రెల్లా నాలుగైదు అడుగుల దగ్గర ఆగుతుంది, పాపిరస్ నైలు నది వైపు 12, 15 అడుగులు కూడా పెరుగుతుంది, మన కుండీల్లో ఆరేడు అడుగులు వస్తే చాలా బాగా వచ్చినట్టు. ఇంకోటి ఉంది, మరుగుజ్జు పాపిరస్ అని అమ్ముతారు, దానికీ దారాల బంతి ఉంటుంది గానీ రెండు మూడు అడుగులే, అది వేరే జాతి, చిన్న తొట్లకి అదే బాగుంటుంది.

మీది పాపిరస్ కాకపోయినా పారెయ్యకండి, అంబ్రెల్లా చాలా మొండి మొక్క, తప్పకుండా కోలుకుంటుంది. నాకు కనపడిన తప్పులు మూడు. ఒకటి, నర్సరీ కుండీలో ఉన్న కొబ్బరి పొట్టు మిశ్రమంతోనే నీళ్ళలో దించేశారు. కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు ఇవన్నీ నీళ్ళలో తేలతాయి, కుళ్ళుతాయి, మీ డికాషన్ రంగు అదే. బయటకి తీసి వేళ్ళు మెల్లగా కడిగి, బరువు మట్టిలో పెట్టండి. మేము కాలవ ఒండ్రు వాడతాం, మీకు చెరువు మట్టి గానీ నల్లరేగడి గానీ దొరుకుద్ది. అడుగున రెండు గుప్పెళ్ళు బాగా చివికిన పశువుల ఎరువు, దాని మీద మట్టి, మొక్క, పైన రెండంగుళాల గులకరాళ్ళు. రాళ్ళు వేస్తేనే మట్టి పైకి లేవదు, చేపలు తవ్వవు. పచ్చి పేడ మాత్రం వద్దు, లోపల గ్యాసు పుట్టి వేళ్ళు కుళ్ళుతాయి.

రెండు, నీడ. ఇవి పూర్తి ఎండ మొక్కలండి. అంబ్రెల్లా నీడలో బతుకుతుంది గానీ ఇలాగే సన్నగా సాగి వాలిపోతుంది, అసలు పాపిరస్ అయితే నీడలో అసలు నిలబడదు. నెట్ కింద నుంచి ఒకేసారి ఏప్రిల్ ఎండలోకి తెస్తే మాడుద్ది, పదిరోజులు పొద్దుటి ఎండ చూపించి అప్పుడు మార్చండి. మూడోది నీళ్ళ ఉప్పు, దాని గురించి మాష్టారు గారు నాకన్నా బాగా చెప్తారు, ట్యాగ్ చేస్తున్నా.


బోటనీ మాష్టారు గుంటూరు | ఏప్రిల్ 12

కోనసీమ గారు గుర్తుపట్టింది సరిగ్గా ఉంది. మీ మొక్క సైపరస్ ఇన్వాల్యుక్రేటస్, నర్సరీల్లో సైపరస్ ఆల్టర్నిఫోలియస్ అని కూడా రాసి పెడతారు. అమ్మాయికి తప్పు చెప్పానని బాధపడకండమ్మా, ఇదే మంచి పాఠం అవుతుంది. కాడని అడ్డంగా కోసి చూపించండి, మూడు మూలలు కనపడతాయి. పొలంలో తుంగ పీకి దాని కాడ కోసినా అవే మూడు మూలలు. మన రైతులు ఏళ్ళ తరబడి తిట్టుకుంటూ పీకే తుంగ, ఆయుర్వేదంలో వాడే తుంగముస్తలు, చాపలు అల్లే తుంగ, నాలుగున్నర వేల ఏళ్ళ క్రితం ఈజిప్టు వాళ్ళు లెక్కలు రాసుకున్న పాపిరస్, అన్నీ సైపరస్ అనే ఒకే ప్రజాతి. నేను ముప్ఫై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను, ప్రతిసారీ పిల్లల కళ్ళు పెద్దవయ్యేవి.

చివర్లు ఎండటం గురించి. నీటి మొక్క వేళ్ళ నుంచి నీటిని పీల్చి ఆకుల్లోంచి ఆవిరి చేస్తుంది, నీళ్ళు పోతాయి, అందులోని ఉప్పు ఆకు చివరికి చేరి అక్కడే ఆగిపోతుంది. ఉప్పు పేరుకున్న కణాలు ముందు చస్తాయి, అందుకే ఎండటం ఎప్పుడూ చివరి నుంచి మొదలవుతుంది. మీ గోలెంలో కూడా ఇదే జరుగుతోంది. రోజూ కొంత నీరు ఆవిరవుతుంది, మీరు మళ్ళీ 1,200 టీడీఎస్ నీళ్ళు పోస్తారు, ఆవిరితో ఉప్పు పోదు కదా, ఏప్రిల్ నాటికి గోలెంలో నీళ్ళు బోరు నీళ్ళకన్నా ఉప్పగా ఉంటాయి. మీటర్ ఉందన్నారు కాబట్టి గోలెంలోనే ముంచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. తాగే నీళ్ళకి 500 దాకా మంచిదని మన భారత ప్రమాణం చెప్తుంది, దాంతో పోల్చుకుంటే మీది ఎంత ఎక్కువో అర్థమవుతుంది.

వారానికొకసారి అడుగు నుంచి మూడో వంతు నీళ్ళు తోడెయ్యండి. అవి కూరగాయలకి పోయకండి, అదే ఉప్పు అక్కడికి పోతుంది, మురుగు కాలవలోకి వదిలేసి కొత్త నీళ్ళు పోయండి. మున్సిపల్ నీళ్ళు వచ్చే రోజున అవి రెండు బకెట్లు పట్టి ఒక రోజు నిలవ ఉంచి పోస్తే ఇంకా మంచిది. జూన్ వచ్చాక డాబా మీద పడే వాన నీటినే గోలెంలోకి మళ్ళించండి, అంతకు మించిన మందు లేదు. ఒక మాట, ఎండిన చివర్లు కత్తిరిస్తే కొత్త చివర్లు రావు, కత్తిరించిన చోట మళ్ళీ ఎండుతుంది. కాడ మొత్తం పాడైతే మొదలుకి కోసెయ్యండి, కొత్తది దుంప నుంచే రావాలి.

యూరియా గురించి కోనసీమ గారు చెప్పింది నిజం. నీళ్ళ పీహెచ్, అంటే క్షారగుణం, పెరిగే కొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది, మన బోరు నీళ్ళు చాలావరకు క్షారమే.


వరంగల్ తోటమాలి | ఏప్రిల్ 12

సార్ మంచిగ అర్థమైంది, వరికి పనిచేసింది దీనికీ పనిచేస్తదనుకున్న. అక్కా నా మాట వదిలెయ్యి. మరి ఎరువు అసలు ఇయ్యొద్దా సార్?


కోనసీమ లంక | ఏప్రిల్ 12

ఇవ్వాలి తమ్ముడూ, నీళ్ళలో కాదు మట్టిలో. నేను తామరకి చేసినట్టే చేస్తా. ఆస్మోకోట్ లాంటి నెమ్మదిగా కరిగే గుళికలు ఒక చెంచా న్యూస్ పేపర్ ముక్కలో పొట్లం కట్టి, వేలితో మట్టిలోకి లోతుగా, వేళ్ళ దగ్గరికి దూర్చేస్తా. ఎండాకాలం వానాకాలం నెలన్నరకోసారి, చలికాలంలో మానేస్తా.


శైలు విశాఖ | ఏప్రిల్ 13

మధ్యలో వస్తున్నందుకు సారీ, దోమల సంగతి ఎవరూ చెప్పట్లేదు. నేను ఇలాగే టబ్ పెడితే పక్క ఫ్లాట్ వాళ్ళు డెంగ్యూ వస్తుందని గొడవ చేసి తీయించేశారు, నాకు ఇప్పటికీ ఆ టబ్ గుర్తొస్తే బాధే. చేపలు వేస్తే నిజంగా ఆగుతాయా?


కోనసీమ లంక | ఏప్రిల్ 13

ఆగుతాయి తల్లీ. గుడ్డు నుంచి దోమ ఎగరటానికి వారం పది రోజులు పడుతుంది, అయిదారు గప్పీలు ఉంటే లార్వా ఒక్కటి మిగలదు. కాకపోతే గోలెం మీద వేప నూనె కొట్టకూడదు, ఆ నూనె పొర నీళ్ళ మీద పడితే చేపలకి ఊపిరాడదు. ఎండాకాలంలో ఎర్ర నల్లి గానీ పేను గానీ పడితే పైపు పెట్టి నీళ్ళతో గట్టిగా కొట్టండి, పోతాయి. పక్కవాళ్ళని ఒకసారి పిలిచి నీళ్ళలో లార్వా లేదని టార్చి వేసి చూపించండి, మా కాలనీలో అలాగే ఒప్పించాం.

గప్పీలు గానీ, విడదీసిన దుంప ముక్కలు గానీ, కత్తిరించిన కుచ్చులు గానీ చెరువులో కాలవలో మాత్రం వెయ్యొద్దు. ఇది అందరికీ చెప్తున్నా. గుర్రపు డెక్క కూడా ఒకప్పుడు పువ్వు బాగుందని తెచ్చుకున్న మొక్కే, ఇవాళ మా కాలవల్లో పడవ కదలదు, ప్రతి ఏడూ మిషన్లు పెట్టి తీయిస్తున్నారు. పాపిరస్ కూడా అమెరికాలో ఫ్లోరిడాలో తోటల్లోంచి తప్పించుకుని బయట పెరుగుతోంది. మన ఇంటి గోలెం దాటి వెళ్ళకూడదు. మిగిలినవి ఎండలో పడేసి పూర్తిగా ఎండాక కంపోస్టులో వెయ్యండి.


డాలస్ తోట | ఏప్రిల్ 14

మేము డాలస్ లో ఉంటాం, మా దగ్గర అసలు పాపిరస్ దొరుకుతుంది, కింగ్ టట్ అనే పేరుతో ఏప్రిల్ వచ్చేసరికి అన్ని గార్డెన్ స్టోర్లలో పెడతారు, నేను అయిదేళ్ళుగా పెంచుతున్నా కాబట్టి నా అనుభవం కూడా రాస్తున్నా. సమ్మర్ లో అది పెరిగే స్పీడ్ నమ్మలేం, మే లో రెండడుగుల మొక్క పెడితే ఆగస్టుకి నాకన్నా ఎత్తు అయిపోతుంది, మా అమ్మ వచ్చినప్పుడు చూసి ఇదేంటే జమ్ములాగా ఉంది, కోసి పాక కప్పుకోవచ్చు అంది. మాది దివిసీమ, అక్కడ జమ్ము కప్పిన ఇళ్ళు చూసి పెరిగిన మనిషి తను, ఆ కుచ్చు చేత్తో నిమిరి నిమిరి ఫోటో తీయించుకుంది.

మాకు ప్రాబ్లం చలి. రాత్రి టెంపరేచర్ 10 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగుతుంది అనగానే లోపలికి తెచ్చేస్తా, కాడలన్నీ సగానికి పైగా తీసేసి, కుండీని ఒక బకెట్ లో నాలుగంగుళాల నీళ్ళలో పెట్టి దక్షిణం కిటికీ దగ్గర ఉంచుతా. హీటర్ వల్ల గాలి పొడిగా ఉండి చివర్లు ఎండుతాయి, నల్లి కూడా వస్తుంది, అయినా దుంప బతికి ఉంటే చాలు మార్చిలో మళ్ళీ లేస్తుంది. మొదటి ఏడాది నాకు తెలియక బయటే వదిలేశా, ఒక్క ఫ్రీజ్ కి దుంపతో సహా మెత్తగా అయిపోయింది, రెండు రోజులు ఏడుపొచ్చింది. హ్యూస్టన్ లో మా ఫ్రెండ్ కి మాత్రం పైన చచ్చిపోయి కింద నుంచి మళ్ళీ వస్తుంది. ఇండియాలో మీకు ఆ బాధ లేదు, నాకు ఎంత ఈర్ష్యగా ఉంటుందో.

నాగోల్ అక్కా మీకు రెండు విషయాలు. గాలి. డాబా మీద గాలి ఎక్కువ ఉంటుంది, అసలు పాపిరస్ ఆరడుగులు లేచి పైన కుచ్చు బరువుంటుంది, గాలికి కాడ మధ్యలో మడత పడితే ఇంక అది అయిపోయినట్టే. పిట్టగోడ మూల చూసి పెట్టండి. ఇంకోటి బరువు. 200 లీటర్లంటే నీళ్ళే 200 కిలోలు, మట్టి, గోలెం కలిపితే ఇంకా చాలా ఎక్కువ, స్లాబ్ మధ్యలో కాకుండా కింద గోడో బీమో ఉన్న చోట పెట్టండి ప్లీజ్.


మిద్దెతోట నాగోల్ | ఏప్రిల్ 20

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత ఓపికగ రాసిన్రు. గోలెంల మీటర్ పెట్టి చూస్తే 1,900 చూపించింది మాష్టారు, నేను షాక్. మొత్తం తోడేసి సగం కృష్ణా నీళ్ళు సగం బోరు కలిపి పోసిన. మట్టి మార్చిన, మా తమ్ముడు ఊరి చెరువు మట్టి రెండు సంచులు తెచ్చి ఇచ్చిండు. గోలెం ముందు నుంచే కింద గోడ ఉన్న చోటనే ఉంది, మా ఆయన కింద నుంచి చూసి కన్ఫర్మ్ చేసిండు. గప్పీలు ఎనిమిది వేసినం, పాప వాటికి పేర్లు కూడ పెట్టింది.

కాడ కోసి మూడు మూలలు చూపిస్తే పాప నమ్మలే, కిందికి పోయి ఖాళీ ప్లాట్ల తుంగ పీక్కొచ్చి అది కూడ కోసి చూసింది. ఇప్పుడు దాని ప్రశ్న ఏందంటే, చెల్లెలు మొక్క కదా, దీంతోని పేపర్ అయితదా? అయితదా మాష్టారు? అసలు ఆ పేపర్ ఎట్ల చేస్తరో కొంచెం చెప్పండి, నేను దానికి చదివి వినిపిస్త.


బోటనీ మాష్టారు గుంటూరు | ఏప్రిల్ 20

అంబ్రెల్లా కాడ పెన్సిలంత సన్నం, లోపల బెండు తక్కువ, దాంతో కాగితం కష్టం. అసలు పాపిరస్ కాడ మొదట్లో బొటనవేలికన్నా లావుంటుంది, లోపలంతా తెల్లటి మెత్తటి బెండు. పెళ్ళికి బాసికాలు చేసే జీలుగు బెండు చూశారు కదా, చూడగానే అదే గుర్తొస్తుంది. కాగితం ఆ బెండుదే, పై పచ్చ తొక్కది కాదు.

అమ్మాయికి ఇలా చెప్పండి. ముదిరిన కాడని మొదలుకి కోసి, కింది భాగం ఒక జానెడు ముక్కలు చేసి, పచ్చ తొక్క ఒలిచేస్తారు. బెండుని నిలువుగా పలచటి పట్టీలుగా కోస్తారు, ఎంత పలచగా అయితే అంత మంచిది. వాటిని కొన్ని రోజులు నీళ్ళలో నానబెడతారు, ఎక్కువ రోజులు నానితే కాగితం రంగు ముదురుతుంది. తర్వాత అప్పడాల కర్రతో నీరంతా పోయేలా ఒత్తి, నూలు గుడ్డ మీద పక్కపక్కనే అంచు మీద అంచు ఆనేలా పరుస్తారు, దాని మీద అడ్డంగా ఇంకో వరస. పైన గుడ్డ, రెండు చెక్కల మధ్య పెట్టి బరువు. తడిసిన గుడ్డలు రోజూ మార్చాలి, అయిదారు రోజుల్లో ఆరిపోతుంది. జిగురు ఏమీ వెయ్యరు, మొక్కలోని రసమే పట్టుకుంటుంది. పాపిరస్ కాగితం ఎలా చేస్తారో రోము రచయిత ప్లినీ ఒకటో శతాబ్దంలోనే రాసి పెట్టాడు.

ఇందులో నాకు ఎప్పుడూ మనసుని కదిలించే విషయం ఒకటుంది. ఈజిప్టుని నిలబెట్టిన ఈ మొక్క ఆఖరికి ఈజిప్టులోనే దాదాపు లేకుండా పోయింది. బట్ట పీచుతో కాగితం చేయటం వచ్చాక దీన్ని పట్టించుకునే వాళ్ళు లేరు, పెంచటం మానేశారు, చేసే విద్య కూడా మర్చిపోయారు. 1960ల్లో హసన్ రగబ్ అనే ఆయన, ఈజిప్టు రాయబారిగా కూడా పనిచేసిన మనిషి, సూడాన్ నుంచి దుంపలు తెప్పించి నైలు ఒడ్డున మళ్ళీ నాటి, పాత కాగితాలు చూసి చూసి ఎలా చేసేవాళ్ళో మళ్ళీ కనిపెట్టాడు. ఇప్పుడు కైరో వెళ్ళిన వాళ్ళు తెచ్చుకునే పాపిరస్ బొమ్మలన్నీ ఆ ప్రయత్నం నుంచి వచ్చినవే. ఇంకా అడిగితే ఇది కూడా చెప్పండి, 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే చోట రాత ఉన్న పాపిరస్ ముక్కలు దొరికాయి, ఇప్పటిదాకా దొరికిన రాసిన పాపిరస్సుల్లో అవే అతి పాతవి. గొప్ప పిరమిడ్ కోసం పడవల్లో సున్నపురాయి మోసిన మెరెర్ అనే మేస్త్రి రోజువారీ లెక్క అది. రాజు కథ కాదు, పని చేసే మనిషి డైరీ, ఒక తుంగ మొక్క మీద నాలుగున్నర వేల ఏళ్ళు నిలిచింది.


కోనసీమ లంక | ఏప్రిల్ 21

మాష్టారు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించానండి.

నాగోల్ మేడం గారూ, నా దగ్గర అసలు పాపిరస్ ఉంది, ఆరేళ్ళ క్రితం కడియం వైపు నుంచి తెచ్చుకున్నా, ఇప్పుడు పెద్ద దుబ్బు అయ్యింది, ఈ ఏడు విడదీయాలి. ఇప్పుడు పంపితే ఎండకి దారిలోనే చస్తుంది, తొలకరి పడ్డాక జూన్ ఆఖర్లో పిలకలు తీసి తడి గోనెలో చుట్టి పంపుతా, డబ్బులు వద్దు, కొరియర్ ఖర్చు ఇవ్వండి చాలు, మీ అడ్రస్ ఇక్కడ పెట్టకండి మెసేజ్ చెయ్యండి. పాపిరస్ కి నమ్మకమైన దారి దుంప విడదీయటమే. అంబ్రెల్లా అయితే గొడుగుని రెండంగుళాల కాడతో కోసి, ఆకులు సగానికి కత్తిరించి తలకిందులుగా నీళ్ళలో వేస్తే రెండు మూడు వారాల్లో వేళ్ళొస్తాయి, అది పాప చేత చేయించండి, సంబరపడుద్ది. పాపిరస్ కుచ్చుని అలా వేసి నేను మూడుసార్లు చూశా, కుళ్ళింది తప్ప వేరు రాలేదు.

పిలక రాగానే చేయాల్సింది ఏంటంటే, వెడల్పు నోరున్న కుండీ తీసుకోండి, లోతు కన్నా వెడల్పు ముఖ్యం, దుంప అడ్డంగా పాకుతుంది, ఇరుకు ప్లాస్టిక్ కుండీ అయితే రెండేళ్ళలో ఉబ్బించేస్తుంది. దుంపని లోతుగా పూడ్చకండి, మొలక కన్ను మట్టి పైకి కనపడాలి. మొదటి మూడు వారాలు మట్టి మీద అంగుళం నీళ్ళు చాలు. కొత్త కాడ అడుగు ఎత్తు వచ్చాక ఇటుకలు ఒక్కొక్కటి తీస్తా నాలుగైదంగుళాల లోతుకి దించండి. మొదట్లోనే లోతుగా ముంచితే మొలక ఊపిరాడక కుళ్ళుతుంది, ఎక్కువమంది ఇక్కడే పోగొట్టుకుంటారు.


మిద్దెతోట నాగోల్ | జూలై 6

కోనసీమ అన్నా, పార్సిల్ వచ్చింది. మూడు పిలకలు ఉన్నయ్, ఒకటి కొంచెం నల్లబడ్డది, రెండు గట్టిగ ఉన్నయ్. మీరు లోపల కాగితం మీద పాప పేరు రాసి జాగ్రత్తగ పెంచు తల్లీ అని పెట్టిన్రు, అది ఆ కాగితం దాని పుస్తకంల దాచుకుంది. మీరు చెప్పినట్టే అంగుళం నీళ్ళల పెట్టిన. పాత అంబ్రెల్లా మొక్క ఇప్పుడు చూడండి ఫోటో, వాన నీళ్ళు పడంగనే పదకొండు కొత్త కాడలు, ఒక్క చివర కూడ ఎండలే. గోలెం టీడీఎస్ 400.


శైలు విశాఖ | జూలై 6

ఆ ఫోటో చూసి నేను కూడా మళ్ళీ టబ్ పెట్టానండి, ఈసారి గప్పీలతో. పక్కింటావిడకి టార్చి వేసి చూపించా, ఆవిడే ఇప్పుడు ఒక పిల్ల మొక్క అడుగుతున్నారు.


మిద్దెతోట నాగోల్ | నవంబర్ 17

చానా రోజులకు వస్తున్న. పాపిరస్ ఆరడుగులు దాటింది అండి. రెండు పిలకలల ఒకటే బతికింది, కని అది ఇప్పుడు పద్నాలుగు కాడలు. సాయంత్రం ఎండ ఆ కుచ్చుల పడితే మా ఆయన కూడ కుర్చీ తెచ్చుకొని అక్కడనే కూర్చుంటుండు. పొద్దున పిట్టలు వచ్చి ఆ దారాలు తెంపుకొని గూటికి తీసుకపోతున్నయ్, మేం ఆపుతలేం.

దసరా సెలవులల పాప రెండు ముదురు కాడలు కోసి మాష్టారు చెప్పినట్టే చేసింది. మొదటిసారి పట్టీలు మందంగ కోసినం, ఆరినంక విడిపోయింది. రెండోసారి మా అత్తమ్మ కూర్చొని బ్లేడ్ తోని పలచగ కోసి ఇచ్చింది, నాలుగు రోజులు నానబెట్టి, మూడు పీటలు దాని మీద బియ్యం డబ్బా పెట్టినం. అరచెయ్యి అంత వచ్చింది. దాని మీద స్కెచ్ పెన్ను పట్టింది, ఇంకు పాకలేదు. ఏం రాసిందంటే మాష్టారు, మీరు చెప్పిన మేస్త్రి లెక్కనే ఆ రోజు లెక్క రాసింది. గప్పీలు 31, పాపిరస్ కాడలు 12, కలువ పువ్వు 1, వాన లేదు. ఫోటో పెట్టిన, స్కూల్ల నోటీస్ బోర్డుకు పెట్టిన్రు.

ఇప్పుడు ఒక డౌట్. చలి మొదలైంది, నాలుగు కాడలు పసుపు పచ్చగ అయినయ్, కొత్తయి రావడం తగ్గింది. ఇది మామూలేనా, మళ్ళీ ఏమన్న తప్పు చేస్తున్ననా?


బోటనీ మాష్టారు గుంటూరు | నవంబర్ 17

ఆ కాగితం ఫోటో నా ఫోన్ లో దాచుకున్నానమ్మా. అమ్మాయికి నా ఆశీస్సులు. తప్పేమీ లేదు, ఒక్కో కాడ ఆయుష్షు కొన్ని నెలలే, ముదిరినవి పసుపు తిరగటం సహజం. ఇది చెరకు, మొక్కజొన్న లాగా వేడిలో, గట్టి ఎండలో బాగా పనిచేసే రకం మొక్క, అందుకే చలికి నెమ్మదిస్తుంది.


కోనసీమ లంక | నవంబర్ 18

పసుపు తిరిగిన నాలుగూ మొదలంటా కోసెయ్యండి, సగంలో తుంచితే ఆ మోడు నీళ్ళలో కుళ్ళుద్ది. పచ్చవి ఒక్కటి కూడా కొయ్యొద్దు ఇప్పుడు, పాప ఇంకో కాగితం అడిగినా సంక్రాంతి దాటేదాకా ఆగమనండి. ఎరువు పొట్లం మానెయ్యండి. ఫిబ్రవరిలో కుండీ బయటకి తీసి దుంప ఫోటో పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి పెట్టండి, అప్పుడే విడదీయాలో ఇంకో ఏడాది ఆగాలో చూసి చెప్తా.